ఆయుధ పూజ చేసిన కంప్యూటరు

మొన్న దసరాకి నా గతి ఏమయిందో ఇనండప్పా. టీ చల్లారినా పర్వాలేదు. నవ్వితే నవ్వుకోండి గానీ, నేను చేసిన పని మటుకు కరెక్టు. అది ముందే చెప్తాండా.

పుంగనూరులో నా డీటీపీ షాపు తెలుసు కదా. ఉండేది ఒకే కంప్యూటరు. విండోస్‌లో పెళ్ళి కార్డులు చేసుకుంటా ఉండాను. ఈ మధ్య ఒక కంప్యూటర్ పత్రికతో పాటు లైనక్స్ అని విండోస్ లాంటిదే ఇంకోదాని సీడీ ఫ్రీగా వచ్చింది. ఇంక నాకు ఊపు ఆగలా. ఒకే మిషన్లో రెండూ ఉండాల. ఆన్ చేస్తానే ఏది కావాల సామీ అని అది నన్ను అడగాల! మా ఊర్లో ఎవురికీ లేదు అట్లాంటిది.

ఆయుధ పూజ రోజు మధ్యాన్నం కూర్చున్నా. హార్డ్ డిస్కులో లైనక్స్‌కు వేరే చోటు చేసి, దాన్ని ఎక్కించేసినా. అంతా అయిపొయ్యి, రీస్టార్ట్ చేయమని అడిగింది. సరిగ్గా అప్పుడే మా ఆమె రమణమ్మ పసుపూ కుంకుమా ఎత్తుకోని వచ్చి, పూజకు టైమయింది ఆపమనింది. సీడీ తీసి ఆపేసినా. పూజయినాక తెల్లారేదాకా మిషన్ ముట్టుకోకూడదు, మాకది పట్టింపు. మిషన్ ముందర వేసిన బంతిపూల దండయితే దసరా అయ్యేదాకా కదిలించకూడదు.

తెల్లారి, దసరా పొద్దున ఆన్ చేస్తే నల్లటి స్క్రీను. సిస్టం డిస్కు లేదంట! లైనక్సూ లేదు, విండోసూ లేదు. కొంప మునిగిందనుకున్నా. యాలంటే చౌడేపల్లె రెడ్డెప్పన్న కూతురి పెళ్ళికార్డు దాంట్లోనే ఉండాది. దసరా సాయంత్రం మొదటి కార్డు దేవుని ముందర పెట్టాలని ఆయప్ప గట్టిగా చెప్పి పోయినాడు. అది తప్పితే ఆ ఇంట్లో అపశకునం అనుకుంటారు.

మళ్ళీ ఆన్ చేసినా, అదే మాట. దండ కదలకుండా పక్క మూత విప్పి, కేబుళ్ళు పీకి పెట్టినా. అదే మాట. నా లైనక్సే విండోస్‌ను మింగేసిందని తేల్చుకున్నా. ఏడుపొక్కటే తక్కువ.

మదనపల్లెలో కంప్యూటర్లు బాగుచేసే ఖాదర్ ఉండాడు, నా దోస్తు. బస్సెక్కి పోయినా. వాడు అంతా ఇని, మిషన్ లేస్తానే చదివే బూట్ రికార్డు చెడిపోయుంటుందని చెప్పి ఒక స్టార్టప్ ఫ్లాపీ ఇచ్చినాడు. దాంతో ఆన్ చేసి ఏ కమాండు కొట్టాలో కూడా చెప్పినాడు.

తిరిగొచ్చేసరికి రెడ్డెప్పన్న షాపులో కూర్చోనుండాడు. ఇంక పట్టింపు సూసుకుంటే పని కాదని, దేవునికి దండం పెట్టుకోని పూలదండ ఎత్తినా. ఫ్లాపీ దూర్చబోతే పోదు. నొక్కినా పోదు. వంగి చూస్తే లోపల ఇంకో ఫ్లాపీ ఉండాది! బటన్ నొక్కితే కుంకుమ బొట్టుతో సహా బయటికొచ్చింది.

ఎవురు పెట్టినారని అరిచినా.

"నేనే," అనింది రమణమ్మ. "టేబుల్ మీద పడుంటే బొట్టు పెట్టి దాని చోట్లో దాన్ని పెట్టినా. ఏం, తప్పా?"

ఫ్లాపీ లోపలుంటే మిషన్ ముందు దాన్నే చదవబోయి, దాంట్లో సిస్టం లేదని అక్కడే ఆగిపోతుంది; దాన్ని పక్కన పెట్టి ఆన్ చేసినా. వచ్చింది మెనూ! లైనక్సా, విండోసా అని అడగతాండాది! ఎంత గర్వమయిందో చెప్పలేను. విండోస్ నొక్కినా, కార్డు భద్రంగా ఉండాది. ప్రింటు తీసిస్తే రెడ్డెప్పన్న కండ్లకద్దుకున్నాడు.

నేను ఊరుకుంటినా? పార్టిషన్లూ, బూట్ లోడరూ, అన్నీ ఆయప్పకు ఇడమరిచి చెప్పినా. ఓపిగ్గా ఇని, రమణమ్మ పక్కకు తిరిగినాడు.

"ఈయప్ప చెప్పేది నాకేమీ అర్థం కాలేదమ్మా. ఇంతకీ ఏమయింది దీనికి?"

"ఏమీ లేదన్నా. నేను పెట్టింది ఈయప్ప తీసినాడు. తీసేదానికి మదనపల్లె దాకా పొయ్యొచ్చినాడు."

ఆ మాట కార్డుల కంటే ముందు చౌడేపల్లెలో ఇంటింటికీ చేరిపోయింది. ఇన్‌స్టలేషన్ మొదటిసారే కరెక్టుగా అయిందని మాత్రం ఒక్కరికీ తెలియదు. అందుకే టీ డబ్బులు నేనే ఇచ్చి, మీకు చెప్పుకుంటాండా.