ఎడమ రెక్క

ఫ్లయింగ్ క్లబ్బులో ఆమెను అందరూ కొలతమ్మ అనేవారు. ఆ పేరు ఎవరు పెట్టారో తెలియదు గానీ పెట్టినవాడు మాత్రం సరిగ్గానే పెట్టాడు. ఒక జేబులో టేపు, ఇంకో జేబులో చిన్న స్ప్రింగు కాటా, చంకలో గళ్ళ నోటుబుక్కు లేకుండా ఆమె గడప దాటేది కాదు. పెట్టెల్లో విడిభాగాలు తెప్పించుకుని ఇంట్లోనే విమానం కట్టుకునే పిచ్చివాళ్ళు లోకంలో చాలామందే ఉన్నారు. వాళ్ళు కట్టినదాన్ని నడిపి చూసి, అది ఎలా ఉందో మొహం మీద చెప్పడం ఆమె పని. ముప్ఫై రెండేళ్ళలో డెబ్బైకి పైగా విమానాలు చూసింది. మోకాళ్ళు సహకరించక ఈమధ్యే మానేసింది. ఎవరైనా వచ్చి పాత సంగతులు చెప్పమంటే ఆ డెబ్బై జోలికి పోదు. మొదటిదాని గురించే చెబుతుంది. అది వాళ్ళ నాన్న కట్టింది.

నాన్న లిఫ్టు మెకానిక్కు. పొద్దున్నే సంచీ భుజాన వేసుకుని ఊళ్ళోని ఆఫీసులూ ఆసుపత్రులూ తిరిగి ఆగిపోయిన లిఫ్టులు బాగుచేసేవాడు. "రోజంతా జనాన్ని పైకి పంపించడమే, నేను మాత్రం ఉన్నచోటే ఉంటున్నాను" అని నవ్వేవాడు. ఆ మాట నవ్వులాటకే అంటున్నాడని ఇంట్లోవాళ్ళు అనుకున్నారు. ఆమెకు పదకొండేళ్ళప్పుడు ఒక మధ్యాహ్నం గుమ్మం ముందు నాలుగు పొడుగాటి చెక్కపెట్టెలు దిగాయి. అమ్మ వాటి చుట్టూ ఒకసారి తిరిగి, "ఇవి ఎక్కడ పెడతారండీ?" అని అడిగింది. నాన్న తల గోక్కున్నాడు. ఆరేళ్ళుగా ఆ విమానం గురించి కలలు కన్నాడు గానీ ఆ ఒక్క సంగతీ ఆలోచించలేదు.

పెరట్లో రేకుల షెడ్డు ఉంది. రెక్క దానికంటే బారెడు పొడుగు. చివరికి షెడ్డుకీ వంటింటికీ మధ్య గోడలో కిటికీ అంత కన్నం కొట్టారు. రెక్క కొన వంటింట్లోకి చొచ్చుకొచ్చి పొయ్యి పక్కన నిలబడింది. అమ్మ ఆ కొనకు గరిటెలు తగిలించేది. నాన్న వచ్చి వాటిని తీసి గూట్లో పెట్టేవాడు. మర్నాడు మళ్ళీ గరిటెలు అక్కడే వేలాడేవి. ఈ వ్యవహారం మీద ఇద్దరూ ఏనాడూ ఒక్క మాట కూడా అనుకోలేదు. రెండేళ్ళు అలాగే గడిచాయి.

ఆ ఇంటి వాసన ఆమెకు ఇప్పటికీ ముక్కులో ఉంది. జిగురు, రంపపు పొట్టు, అమ్మ ఇస్త్రీపెట్టె కింద వేడెక్కిన గుడ్డ. అమ్మ ఆసుపత్రి నర్సులకు యూనిఫారాలు కుట్టేది. విమానానికి గుడ్డ తొడిగే రోజు వచ్చినప్పుడు నాన్న నసుగుతూ వెళ్ళి అడిగాడు. అమ్మ కొలతల కాగితం అందుకుని, కళ్ళజోడు సవరించుకుని, "భుజాలు బాగా వెడల్పు" అంది. అంతే, రెండు రెక్కలకూ తొడుగు కుట్టింది. తర్వాత లోపలున్న చెక్క పక్కటెముకలకు ఆ గుడ్డను బెత్తెడుకో ముడి చొప్పున పెద్ద సూదితో బిగించింది. ఆ ముడులు వెయ్యికి పైచిలుకే.

కూతురి పని బిగింపులు పట్టుకోవడం. నాన్న జిగురు రాసి రెండు చెక్కలు కలిపితే ఆమె బిగింపు తిప్పి, గడియారం చూసి, పుస్తకంలో టైము రాసేది. అలా రాసీ రాసీ చెక్క, జిగురు, ఇనుము అంటే అదో రకం ఇష్టం పట్టుకుంది. పెద్దయ్యాక ఒక సాంకేతిక కళాశాల ప్రయోగశాలలో చేరింది. అక్కడి పని వస్తువులను లాగి, వంచి, విరిగేదాకా చూసి, ఎంత బరువుకు విరిగిందో రాయడం. సెలవు రోజుల్లో ఫ్లయింగ్ క్లబ్బుకు వెళ్ళి విమానం నడపడం నేర్చుకుంది. క్లబ్బులో నేర్పే పెద్దాయన్ని అందరూ మాస్టారు అనేవారు. ఆయన నాన్నకు పాత స్నేహితుడు.

తొమ్మిదో ఏడు విమానం పూర్తయింది. అమ్మ తమ్ముడికి లారీ ఉంది. ఆ మేనమామే రెక్కలు ఒకసారి, మొండెం ఒకసారి జాగ్రత్తగా క్లబ్బుకు చేరవేశాడు. దారి పొడుగునా, "బావా, ఇది దారిలోనే ఎగిరిపోతే నా పూచీ కాదు" అంటూనే ఉన్నాడు. విమానయాన శాఖ అధికారి వచ్చి చూసి, పరీక్షగా నడపడానికి కాగితం మీద సంతకం పెట్టి వెళ్ళాడు. మాస్టారు మూడుసార్లు ఎగిరి దిగాడు. దిగి, తాళం చెవి నాన్న చేతిలో కాకుండా ఆమె చేతిలో పెట్టాడు.

"దీని మంచీ చెడ్డా నువ్వు చూడాలమ్మాయ్. నేను మీ నాన్నకు స్నేహితుణ్ణి, నాకు మొహమాటం అడ్డొస్తుంది. కూతురివి, నీకా బెడద లేదు."

ఆ సాయంత్రమే గళ్ళ నోటుబుక్కు కొని మూడు పేజీల మీద మూడు ప్రశ్నలు రాసుకుంది. చెప్పిన మాట వింటుందా? గట్టిగా ఉందా? ఏం మార్చాలి? తర్వాత ఏ విమానం చూసినా ఆ మూడే అడిగింది. నాలుగోదాని అవసరం పడలేదు.

చెప్పిన మాట వినడంలో ఆ విమానం మంచి పిల్లే గానీ కొంచెం పెంకిది. నడిపే కర్ర వెనక్కి లాగితే ముక్కు ఠక్కున లేచేది, చిటికెన వేలితో లాగినా సరే. పక్కకు వాల్చాలంటే మాత్రం భుజం నొప్పి పుట్టేది. ఏ పనికి ఎంత బలం కావాలో స్ప్రింగు కాటా తగిలించి కొలిచి రాసింది. బాగా పైకెళ్ళి, వేగం తగ్గిస్తూ ముక్కు ఎత్తి పట్టుకుంటే ఒకచోట గాలి పట్టు తప్పుతుంది. అక్కడ మంచి విమానం తలవంచి బుద్ధిగా తిరిగి వేగం అందుకోవాలి. ఇది మాత్రం ప్రతిసారీ ఎడమకు ఒరిగిపోయేది. నేల దగ్గర అలా ఒరిగితే మనిషి మిగలడు.

నాన్న రోజూ డ్యూటీ అయ్యాక సైకిలు మీద క్లబ్బుకు వచ్చి ఆమె దిగేదాకా కంచె దగ్గర నిలబడేవాడు. నోటుబుక్కు లాక్కుని చదివేవాడు. మార్పులు చెబితే చిన్నబుచ్చుకుంటాడేమోనని ఆమె భయపడింది గానీ ఆయన హుషారు చూడాలి. బ్యాటరీని తోక వైపు నుంచి సీటు ముందుకు మార్చాడు. ముక్కు తొందరపాటు సగం తగ్గింది. పక్కకు వాల్చే తీగల కప్పీలకు బేరింగులు వేశాడు. రెక్క ముందంచుకు జానెడు పొడుగు సన్నటి మూడంచుల పట్టీ ఒకటి అతికించి, ఎగిరి చూసి, వేలెడు జరిపి, మళ్ళీ ఎగిరి చూసి, నాలుగోసారికి ఆ ఒరగడం ఆగేలా చేశారు. ఆ ఆరు వారాలూ తండ్రీ కూతుళ్ళు సైకిలు నడిపించుకుంటూ ఇంటికి వచ్చిన దారి గురించి చెప్పేటప్పుడు ఆమె గొంతు ఇప్పటికీ మెత్తబడుతుంది. జీవితంలో అంత సుఖం మళ్ళీ పడలేదంటుంది.

ఇక మిగిలింది రెండో పేజీ. గట్టిగా ఉందా?

బాగా ఒరిగించి బిగుతుగా మలుపు తిప్పితే రెక్కల మీద మామూలు బరువుకు రెట్టింపు పడుతుంది. మొదటిసారి అలా తిప్పినప్పుడు ఎడమ పక్క నుంచి 'టిక్' మని చిన్న చప్పుడు వినబడింది. మళ్ళీ తిప్పింది. మళ్ళీ టిక్. కుడివైపు తిప్పినా ఎడమ రెక్కలోనే. ఆమె నెమ్మదిగా దిగి, రెక్క కిందకు దూరి, వెన్నెముక లాంటి పొడుగాటి దూలం వెంట నాణెంతో తట్టుకుంటూ వచ్చింది. అంతటా టకటకమంది. దూలం అతుకు ఉన్న ఒక్కచోట మాత్రం మొద్దుగా మోగింది. కుడి రెక్కలో అదే చోట తడితే అలా మోగలేదు.

ప్రయోగశాలలో జిగురు సరిగా పట్టని చెక్కలు ఎలా ఊడతాయో ఆమె వందసార్లు చూసింది. ఇసుక మూటలు ఎక్కించి చూద్దామని మేనమామ సలహా ఇచ్చాడు. సగం పట్టిన జిగురు ఈ రోజు ఆ మూటలు మోస్తుంది, ఏడాది తర్వాత గాల్లో ఊడుతుంది. లోపల ఏముందో తెలియాలంటే గుడ్డ చించి, చెక్కపొర కోసి చూడడం తప్ప దారి లేదు. నోటుబుక్కులో రాసింది: ఎడమ రెక్క విప్పి చూసేవరకు ఇది ఎగరకూడదు.

నాన్న ఆ వాక్యం చదివాడు.

"అది ఇంజను మూత చప్పుడు. నువ్వు పొరబడ్డావు."

"ఇంజను ముందుంటుంది నాన్నా. చప్పుడు పక్క నుంచి వచ్చింది."

"తొమ్మిదేళ్ళు కట్టాను. నాకు తెలియదా?"

"తెలిస్తే చెప్పు, కొట్టేస్తాను" అని పెన్ను చేతికిచ్చింది. ఆయన పెన్ను పుచ్చుకోలేదు. సైకిలెక్కి ఒక్కడే ఇంటికి వెళ్ళిపోయాడు.

తర్వాత నలభై రోజులు ఇంట్లో మాటల్లేవు. నీళ్ళ చెంబు కావాలన్నా నాన్న అమ్మ నోటితోనే అడిగించుకునేవాడు. మాస్టారు వచ్చి నచ్చజెప్పబోతే షెడ్డులోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. ఆమె తిండి గొంతు దిగక సగం అయిపోయింది. ఒక్క మాట కొట్టేస్తే ఇల్లు బాగుపడుతుంది కదా అని చాలాసార్లు పెన్ను తీసింది. తీసినప్పుడల్లా ఆ మొద్దు చప్పుడు చెవిలో మోగేది.

ముడి విప్పింది అమ్మ. ఒక ఆదివారం పొద్దున్నే కత్తెర, కుట్లు విప్పే ముల్లు సంచీలో వేసుకుని క్లబ్బుకు బస్సెక్కింది. విషయం తెలిసి తండ్రీ కూతుళ్ళు చెరో దారిన పరుగెత్తుకుంటూ వెళ్ళేసరికి, రెక్క కింద బల్ల వేసుకుని నిమ్మళంగా ముడులు విప్పుతోంది. నాన్న, "ఏం చేస్తున్నావ్?" అని అరిచాడు.

"కుట్టింది నేను, విప్పేది నేను. కుట్టు అనుమానంగా ఉంటే నర్సుల గౌనే విప్పి చూస్తాను. ఇందులో నా మనుషులిద్దరు కూర్చుంటారు."

నాన్న తన సంచీలోంచి చిన్న రంపం తీశాడు. గుడ్డ తొలిగించాక చెక్కపొర మీద పెన్సిలుతో గీత గీసి, అరచేతి అంత పలక కోసి తీసి, టార్చి వేసి చూసి ఆమెను పిలిచాడు.

అతుకు బంగారంలా ఉంది. అంచు పొడుగునా జిగురు సమంగా పొంగి గట్టిపడింది. కత్తిమొన దూర్చుదామంటే వెంట్రుకంత సందు లేదు. దాని వెనక, నక్షాలో లేని చెక్కదిమ్మ ఒకటి అదనంగా అతికించి ఉంది. నాణేనికి మొద్దుగా పలికింది ఆ దిమ్మ.

ఆమె నేల మీద కూలబడింది. తప్పు తనది. తొమ్మిదేళ్ళ కష్టానికి తన చేత్తో కన్నం పెట్టించింది. ఏడుపు ఆపుకోలేకపోయింది. నాన్న ఇంకా టార్చి పట్టుకుని ఆ కన్నంలోకే చూస్తున్నాడు. చూసి చూసి వేలితో అతుకును నిమిరాడు.

"ఇది అతికించిన రోజు చలి. జిగురుకు కావలసినంత వేడి లేదని తెలిసీ అతికించేశాను. నువ్వు బడి నుంచి రాలేదు, టైము రాసేవాళ్ళు లేరు. తర్వాత నిద్రపట్టక ఆ దిమ్మ వేశాను. ఎవరికీ చెప్పలేదు." టార్చి ఆర్పాడు. "నువ్వు అక్కడే వేలు పెట్టేసరికి గుండె జారిపోయింది. కోపం నీ మీద కాదే."

అమ్మ చేతిలో దారాలు చుట్టుకుంటూ, "ఆ ముక్కేదో నలభై రోజుల ముందు చెబితే పోయేది" అంది.

చప్పుడు సంగతి రెక్క ఊడదీసేటప్పుడు తేలింది. రెక్కను కింద నుంచి ఆనించే కమ్మీకి పైన ఒక మేకు ఉంటుంది. దాని రంధ్రం వెంట్రుకవాసి పెద్దది. బరువు పడ్డప్పుడల్లా మేకు అందులో కదిలి టిక్కుమంటోంది. వదిలేస్తే ఆ రంధ్రం అరిగి అరిగి ఏదో ఒక రోజు పెద్దదయ్యేదే. నాన్న రెండు వైపులా రంధ్రాలను సరిచేసి, ఉక్కు గొట్టాలు దించి, కొత్త మేకులు వేశాడు. రెక్క మళ్ళీ మూసి, గుడ్డ తొడిగి, పూత ఆరేసరికి ఏడాది పట్టింది. మేనమామ లారీడు ఇసుక తెచ్చాడు, అమ్మ మూటలు కుట్టింది. రెక్కలను తలకిందులుగా బిగించి, మూటలు పేర్చి, కొన ఎంత వంగిందో టేపుతో కొలిచారు. మూటలు తీశాక కొన తిరిగి మొదటి గీత దగ్గరకే వచ్చింది. ఆ రోజు రెండో పేజీ నింపింది.

ఈలోగా నాన్న కళ్ళు మసకబారాయి. నడపడానికి డాక్టరు ఒప్పుకోలేదు. ఆమె నడిపితే పక్క సీట్లో కూర్చున్నాడు. ఇళ్ళ కప్పుల పైకి లేచాక కర్ర ఆయన చేతికిచ్చింది. రెండు వేళ్ళతో పట్టుకున్నాడు, కళ్ళజోడు కింద నుంచి నీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు. "పక్కకు వాల్చడం ఇంకా కొంచెం బరువే" అన్నాడు. ఆకాశంలో ఆయన అన్నది ఆ ఒక్క మాటే. దిగగానే స్పానరు పట్టుకుని కప్పీల దగ్గరకు వెళ్ళిపోయాడు.

ఆయన మరో పదమూడేళ్ళు బతికాడు. ప్రతి సెలవు రోజూ ఏదో ఒకటి మార్చేవాడు, ఆమె ఎగిరి చూసి రాసేది. ఆ కబురు ఆ నోటా ఈ నోటా పాకి, పరాయి ఊళ్ళవాళ్ళు కూడా తమ విమానాలు చూసిపెట్టమని రావడం మొదలుపెట్టారు. ఎవరికైనా కష్టమైన మాట చెప్పవలసి వస్తే కొలతమ్మ మొదట, తాను ఒకప్పుడు ఎలా పొరబడిందో చెప్పేది. ఆ తర్వాత విప్పి చూద్దామనేది. తిట్టినవాళ్ళున్నారు, తలుపు వేసుకున్నవాళ్ళున్నారు. విప్పకుండా ఎగిరినవాళ్ళు మాత్రం లేరు.

అమ్మానాన్నలు పోయాక ఆ విమానాన్ని ఒక పశువుల డాక్టరమ్మకు అప్పజెప్పింది. పొలాల మధ్య గడ్డినేల మీద దింపుతూ ఆమె దాన్ని బాగా చూసుకుంటోంది. పోయిన నెల ఉత్తరం రాసింది, గడ్డిలో చక్రాలు కూరుకుపోతున్నాయి, లావుపాటివి వేయవచ్చా అని. కొలతమ్మ కిటికీ పక్కన కూర్చుని రెండు రోజులు లెక్కలు కట్టింది. వేయవచ్చు గానీ బరువు ముందుకు జరుగుతుంది కాబట్టి బ్యాటరీని రెండు బెత్తెలు వెనక్కి జరపమని, జరిపాక మొదటిసారి పక్కన ఎవరినీ కూర్చోబెట్టుకోవద్దని జవాబు రాసింది. ఎలా ఎగిరిందో తప్పకుండా తెలియజేయమని అడిగి, కవరు అంటించి, కర్ర పట్టుకుని పోస్టు పెట్టె దాకా తానే నడిచి వెళ్ళింది.