బానెట్ మీద చేపకళ్లు

మొన్న శనివారం మా పక్కింటివాళ్లు వీధి తలుపుకి రంగు వేయిస్తుంటే థిన్నర్ వాసన వంటింటి కిటికీలోంచి లోపలికి వచ్చింది. చారుకు పోపు పెడుతున్నదాన్ని గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఆ వాసన చాలామందికి తలనొప్పి తెప్పిస్తుంది. నాకు మాత్రం సరోజిని పిన్నిగారి గ్యారేజీ తలుపు గరగరమంటూ పైకి లేచినట్టూ, లోపలినుంచి ఆవిడ "చెప్పులు కాదమ్మాయ్, బూట్లు వేసుకుని రా! కాలి మీద ఏదైనా పడితే నీ దేవుడు నన్నడుగుతాడు" అని కేకేసినట్టూ అనిపిస్తుంది. ఆవిడను ఎరగనివాళ్ల కోసం ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

రెండు వేల ఏడులో మేము మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ హిల్స్‌కి వచ్చాం. మావారు కార్ల విడిభాగాలు డిజైన్ చేసే చోట ఇంజనీరు. నాది డిపెండెంట్ వీసా, ఉద్యోగం చేయడానికి వీల్లేదు. వీలున్నా నాకెవరిస్తారులే అనుకునేదాన్ని. నేను బడికి వెళ్లి చదువుకోలేదు. ఆరేళ్లప్పుడు నా గుండెలో ఏదో తేడా శబ్దం వినిపిస్తోందని ఒక డాక్టరు పరుగులూ ఆటలూ వద్దన్నాడు. నాలుగేళ్ల తరవాత ఇంకో డాక్టరు అదేమీ లేదని తేల్చాడు గానీ, అప్పటికి ఇంట్లో పాఠాలు చెప్పడానికి మా నాన్నగారూ, వినడానికి నేనూ అలవాటు పడిపోయాం. పరీక్షలన్నీ ప్రైవేటుగానే రాశాను. ఆ చదువు ఇచ్చినందుకు ఇప్పటికీ రోజూ మనసులో ఆయనకు దండం పెట్టుకుంటాను. అయితే అందులో ఒక లోటు ఉండిపోయింది. ఇంట్లో తప్పు చేస్తే చూసేది నాన్నగారొక్కరే. పలక మీద తడిగుడ్డ వేస్తే అదీ పోయేది. పరాయివాళ్ల ముందు తప్పు చేయడం, చేశానని నోరు తెరిచి చెప్పడం నేను నేర్చుకోలేదు.

పిన్నిగారిల్లు మాకు మూడిళ్ల అవతల. తెనాలి దగ్గరి మనిషి. ఒక కార్ల ఫ్యాక్టరీలో, రంగులు వేసే విభాగంలో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరయ్యారు. భర్త పోయి అప్పటికి అయిదేళ్లు. ఒక్కడే కొడుకు శ్రీధర్, అరిజోనాలో చాండ్లర్‌లో ఉండేవాడు. మొదటిసారి ఒక శుక్రవారం పులిహోర ప్రసాదం పట్టుకుని వెళ్తే, గ్యారేజీలో నేల మీద పడుకుని ఒక పాత కారు కింద నుంచి తల బయటపెట్టారు. అరవైల చివరి నాటి మజిల్ కారు అది. రెండే తలుపులు, పొడుగాటి ముక్కు, లోపల లారీకి సరిపోయేంత ఇంజను.

"అంకుల్ గారిదాండీ?" అని అడిగాను.

"ఆయనా? దీని హారన్ వింటేనే ఆయనకి దడ. నాది. నా జీతంతో నేను కొనుక్కున్నా. ఆ గిన్నె అక్కడ పెట్టి, ఆ టార్చ్ ఇలా పట్టుకో. వణక్కుండా పట్టుకో, వణకడానికి ఇక్కడ నేనున్నాగా."

నిజంగానే ఆవిడ కుడిచెయ్యి కొద్దికొద్దిగా వణుకుతూ ఉండేది. అంతకుముందు చలికాలంలో రెండుసార్లు స్టవ్ ఆపడం మరిచిపోయారట. అమ్మ ఒంటరిగా ఉండలేదని శ్రీధర్ తేల్చేశాడు. ఇల్లు అమ్మేశారు, ఆగస్టు ఆఖరుకు ఖాళీ చేయాలి. కారు సంగతికి వచ్చేసరికి తల్లీకొడుకులు పంతానికి పోయారు. చివరికి అతను ఒక ఒప్పందానికి వచ్చాడు. ఇల్లు అప్పగించే రోజుకు పిన్నిగారు పని పూర్తిచేసి, కారుని తానే నడుపుతూ గ్యారేజీలోంచి బయటికి తీసుకురావాలి. తెస్తే ట్రక్కు మీద చాండ్లర్ పంపిస్తాడు. లేకపోతే తుక్కు ఇనుము కొనే జంక్‌యార్డ్ వాళ్లొచ్చి పట్టుకుపోతారు.

"వాడు పరీక్ష పెట్టింది కారుకి కాదే, నాకు," అన్నారు పిన్నిగారు పులిహోర తింటూ. "నేనింకా పనికొస్తానా లేదా అని."

మరుసటి సోమవారం నుంచి మావారు ఆఫీస్‌కి వెళ్లగానే నేను అక్కడికి వెళ్లడం మొదలుపెట్టాను. ఇంజను పని ఆవిడ పాత స్నేహితుడొకాయన అంతకుముందే చేసి వెళ్లాడు. మిగిలింది తుప్పు గీకడం, గరుకు కాగితంతో రుద్దడం, రంగు వేయడం. విప్పిన ప్రతి మరమేకునూ సంచిలో వేసి దాని మీద తెలుగులో పేరు రాయడం నా వంతు. 'ఎడమ తలుపు, పై బందు' అని నేను రాస్తే, "ముత్యాల్లా ఉందే నీ రాత! మా ఫ్యాక్టరీలో నువ్వుంటే సగం గొడవలు ఉండేవి కావు" అనేవారు. రుద్దేటప్పుడు మాత్రం జాలి లేదు. "అప్పడాల కర్ర కాదది, ఏమిటా పట్టు?" రేకు నున్నగా అయిందో లేదో కంటితో చూడనిచ్చేవారు కాదు. పల్చటి నూలుగుడ్డ రేకు మీద పరిచి, దాని మీద అరచెయ్యి ఆనించి మెల్లగా జరపమనేవారు. కళ్లకు అందని ఎత్తుపల్లాలు చేతికి తెలిసేవి. నా జీవితంలో నాన్నగారు కాక నాకు ఇంకొకరు పాఠం చెప్పడం అదే మొదలు.

ఆగస్టు మధ్యకు కారు ఒంటికంతా ముదురు నీలం రంగు పట్టింది. మిగిలింది బానెట్. దాన్ని విడిగా స్టాండ్ల మీద పెట్టి, అడుగు పూతగా ప్రైమర్ వేసి, ఒక శుక్రవారం సాయంత్రం జిడ్డు తీసే మందులో తడిపిన గుడ్డతో ఒకసారి, పొడిగుడ్డతో ఒకసారి పిన్నిగారే తుడిచారు. మర్నాడు పొద్దున రంగు కొట్టాలి. అందరికీ ముందు కనిపించేది బానెట్టే, అందుకే ఆవిడకు దాని మీద బెంగ. "చెయ్యి సహకరిస్తే చాలు" అన్నారు ఒకటికి రెండుసార్లు. ఆ మాట నా మనసులో పడింది. శనివారం ఆంజనేయస్వామి రోజు. తెల్లవారగానే స్నానం చేసి, గుడి నుంచి తెచ్చుకున్న సింధూరాన్ని అలవాటు ప్రకారం నువ్వుల నూనెలో కలిపి, పిన్నిగారు లేవకముందే వెళ్లాను. గ్యారేజీ తలుపు తెరిచే నంబరు నాకు తెలుసు. బానెట్ నడిమధ్య బొట్టు పెట్టి, ఆవిడ చెయ్యి వణక్కుండా చూడమని స్వామికి చెప్పుకున్నాను. తీరా చూస్తే తెల్లటి ప్రైమర్ మీద ఎర్రగా కనిపిస్తోంది. చున్నీ కొంగుతో గుండ్రంగా, ఎరుపు జాడ కూడా కనిపించనంతగా తుడిచేశాను. దణ్ణం పెట్టుకుని హాయిగా ఇంటికొచ్చాను.

తొమ్మిదింటికి మాస్కులు కట్టుకుని మొదలుపెట్టాం. నా ప్రార్థన ఫలించిందనే అనుకున్నాను. పిన్నిగారు ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకుని, రంగు చిమ్మే గన్‌ని ఆ చివర్నుంచి ఈ చివరకు ఎంతో నిలకడగా నడిపించారు. నీలం నీళ్లలా పరుచుకుంది. అంతలోనే, మధ్యలో, రంగు తనంతట తానే పక్కకు తప్పుకుంటున్నట్టు చిన్న చిన్న గుంటలు విచ్చుకోసాగాయి. రేగిపండంత ఒకటి, మిరియం గింజంత ఇంకొకటి, అరచేయి వెడల్పున పదిహేనో ఇరవయ్యో. రంగుల పనివాళ్లు వాటిని చేపకళ్లు అంటారు. రేకు మీద జిడ్డు ఉంటే వస్తాయి. పిన్నిగారు గన్ కింద పెట్టారు.

"తుడిచానే," అన్నారు మాస్కు తీసి. "నిన్న తుడిచాను కదూ? రెండో గుడ్డ వేశానా? వేశాననే అనుకుంటున్నా."

పొద్దున పెట్టిన బొట్టు గుర్తొచ్చి, నేను మాస్కు విప్పి మడత పెట్టసాగాను.

"ముప్పై ఏళ్లలో ఒక్కనాడు ఇలా కాలేదే. వాడు చెప్పిందే నిజం. చెయ్యి కాదు, బుర్రే పోయింది." స్టూలు మీద కూర్చున్నారు. "ఫోన్ చేసి చెప్పేస్తాలే, జంక్‌యార్డ్ వాళ్లని రమ్మని. నువ్వింటికెళ్లమ్మా, వంట చేసుకోవాలిగా."

వచ్చేశాను. అన్నం వండాను, పప్పు వండాను. మావారికి వడ్డించి నేను ముద్ద కలుపుకున్నాను. బానెట్ పాడైందన్న బాధ ఒక ఎత్తు. అది మళ్లీ వేయొచ్చు. నేను పలకనంతసేపూ ఆవిడ తన మతి పోయిందనే నమ్ముతుంది, ఆ నమ్మకంతోనే కొడుకుకి ఫోన్ చేస్తుంది. దేవుడి పేరు చెప్పి నేను చేసిన పనికి ఒక పెద్దావిడ తన మీద తాను నమ్మకం పోగొట్టుకుంటోంది. కంచం ముందునుంచి లేచి చెయ్యి కడుక్కుని వెళ్లాను. పిన్నిగారు ఇంకా ఆ స్టూలు మీదే ఉన్నారు. ఫోను ఒళ్లో ఉంది.

"పిన్నిగారూ, ఫోన్ చేశారా?"

"వాడు ఎత్తలేదు. మళ్లీ చేస్తా."

"చెయ్యకండి. మీరు రెండో గుడ్డా వేశారు. పొద్దున నేనొచ్చి బొట్టు పెట్టాను. సింధూరం. నూనెలో కలిపి."

ఆవిడ నన్ను పైనుంచి కిందికి చూశారు. "ఏం నూనె?"

"నువ్వుల నూనె. తరవాత చున్నీతో తుడిచాను."

"తుడిచావా, పూశావా?" అని, కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వారు. "గ్రీజు చూశా, చెమట చూశా, ఒకడి తలకి రాసుకున్న క్రీము కూడా చూశా. నువ్వుల నూనె! ఓరి దేవుడా! అయితే నేను మరిచిపోలేదన్నమాట." చున్నీ చెంగుతో నేను కళ్లు తుడుచుకుంటుంటే, "దాన్ని మళ్లీ బానెట్ దగ్గరికి తేకు," అన్నారు. తరవాత గొంతు తగ్గించి, "పొద్దున్నే ఎందుకు చెప్పలేదే?" అని అడిగారు. కోపంగా కాదు. నిజంగా తెలుసుకోవాలని అడిగారు.

రెండు రోజులు ఆరనిచ్చి, ఆ నీలాన్నంతా గీకి, మళ్లీ ప్రైమర్ వేసి, మళ్లీ రుద్దాం. తుడవడం నా చేతే చేయించారు. అంతా అయ్యాక గన్ తెచ్చి నా చేతిలో పెట్టారు.

"నాకు రాదండీ. మళ్లీ పాడవుతుంది."

"పాడైతే మళ్లీ గీకుతాం. నీ చెయ్యి వణకదు, నా కన్ను తప్పదు. ఇద్దరం కలిస్తే ఒక పెయింటరు. ఊఁ, నడువు. మధ్యలో ఆగకు, చివర దాటాకే వేలు వదులు."

ఆవిడ నా వెనక నిలబడి, నా భుజం మీద చెయ్యేసి, అడుగుతో అడుగు కలిపి నడిచారు. ఈ చివర్నుంచి ఆ చివరకు, మళ్లీ వెనక్కి. నీలం ఎక్కడా విడిపోలేదు.

ఇల్లు అప్పగించే రోజున శ్రీధర్ వచ్చి వాకిట్లో చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఇంజను మొదటిసారి దగ్గింది, రెండోసారి గర్జించింది. పిన్నిగారు ఎర్ర స్వెట్టరు వేసుకుని, రెండు చేతులతో స్టీరింగ్ పట్టుకుని, అంగుళం అంగుళంగా బయటికి తెచ్చారు. వీధి చివరిదాకా వెళ్లి, తిప్పుకుని వచ్చి, సరిగ్గా కొడుకు ముందు ఆపారు. అతను బానెట్ మీద చెయ్యి వేసి, "అమ్మా, నువ్వే వేశావా?" అన్నాడు.

"సగం నేను. సగం ఈ అమ్మాయి. ఎలా చెడగొట్టిందో కూడా అదే చెప్తుంది, అడుగు."

అడిగాడు. వాకిట్లో, ట్రక్కు డ్రైవరు వింటుండగా, అంతా చెప్పాను.

పిన్నిగారు పోయేదాకా, ఇంకో అయిదేళ్లు చాండ్లర్‌లోనే ఉన్నారు. పండగలకు ఫోన్ చేసి, కారు బాగుందనీ, తనకంటే అదే ఆరోగ్యంగా ఉందనీ చెప్పేవారు. నాకు పనిచేసే అనుమతి వచ్చాక, దెబ్బతిన్న కార్లు బాగుచేసే ఒక షాపులో, రంగుల విభాగంలో చేరాను. ఏం చదివావని అక్కడ ఎవరూ అడగలేదు. గన్ చేతికిచ్చి ఒక తలుపు వేసి చూపించమన్నారు. ఇన్నేళ్లలో నావల్ల ఎన్నో తలుపులు బాగుపడ్డాయి, కొన్ని చెడ్డాయి కూడా. చెడినప్పుడు పక్కవాడు తన చేతుల్ని అనుమానంగా చూసుకోకముందే, "అది నేను చేసింది" అంటాను. ఆ మాట అనడానికి ఇప్పుడు మధ్యాహ్నం దాకా ఆగను.