తోడల్లుడి కుక్కకంటే పెద్ద కుక్క

జీవితంలో నేను చేసిన తెలివితక్కువ పనులకు లెక్కలేదు గానీ, కుక్కను కొని, మేపి, దూడంత చేసి, దానిచేతే పరువు తీయించుకున్నది మాత్రం ఒక్కసారే. ఆ వైభోగం చెబుతాను, వినండి.

మూలకారణం మా తోడల్లుడు అశ్వత్థప్ప. మా మామకు ఇద్దరూ కూతుళ్ళే. పెద్దల్లుణ్ణి నేను, బాగేపల్లి పక్కన సేద్యం. చిన్నల్లుడు అతను, చిక్కబళ్ళాపురంలో బెల్లం వ్యాపారం. చింతామణి దగ్గరున్న మామిడితోట పెత్తనం మా ఇద్దరిలో ఒకరికి అప్పజెబుతానని మామ అంటూ ఉండేవాడు. పెద్దవాణ్ణి, నాకు కాక ఇంకెవరికిస్తాడని ధీమాగా ఉన్నాను. అంతలో అశ్వత్థప్ప ఒక ఆల్సేషియన్ కుక్కను తెచ్చాడు.

"చిన్నోని కుక్కను చూసినావా అల్లుడా? గేటు తాకితే చాలు, మీద పడతాది. తోటకు అట్లాంటిది ఉండాలప్పా!" అన్నాడు మామ.

నా కడుపు భగ్గుమంది. ఇంటికి రాగానే మా ఆవిడతో చెప్పేశాను.

"వానికంటే పెద్దది తెస్తా!"

"ఏంది?"

"కుక్క!"

"మనిషికి కుళ్ళు ఉండొచ్చు గానీ, మరీ ఇంతా!" అంది.

బెంగళూరులో ఒక దొరగారి బంగళాలో, దూడంత పెరిగే మాస్టిఫ్ జాతి కుక్కపిల్లలున్నాయని తెలిసి, మొదటి బస్సుకే పోయాను. ఇక్కడ నా గొప్ప ఒకటి చెప్పుకోవాలి. మా చుట్టుపక్కల ఊళ్ళలో ఎవరు ఎద్దు కొనాలన్నా సంతకు నన్ను తీసుకుపోవాల్సిందే. ఆ విద్యంతా ఆ రోజు కుక్కపిల్లల మీద ప్రయోగించాను. నోళ్ళు తెరిచి పళ్ళు చూశాను. వీపుల మీద సుళ్ళు వెతికాను. తోకలు మెలిపెట్టాను. ఒకటి నా వేలు పట్టుకుని వదల్లేదు.

"అదే తీసుకోప్పా, బాగా కాపలా కాస్తాది," అన్నాడు బంగళా వంటాయన.

"పొగరెక్కువ. కాడికి వంగదు."

"కుక్కకు కాడేందప్పా?"

వింటే కదా! మూలనున్న ఇంకోదాని తోక మెలిపెడితే, అది ఆవలించి పడుకుంది. వీపు మీద సుడి కూడా దివ్యంగా ఉంది. "సాధువు! ఇదే కావాల!" అన్నాను. వంటాయన మా ఇద్దరినీ జాలిగా చూశాడు.

భీముడని పేరు పెట్టాను. రాగిముద్ద, పాలు పెట్టి పెంచాను. వాడు పెరిగాడు చూడండి, గడపకు అడ్డంగా పడుకుంటే మేం దాటుకుని పోవాల్సి వచ్చేది. గాజులామె వచ్చినా, సోదామె వచ్చినా వెల్లకిలా పడి పొట్ట చూపించేవాడు.

"పక్కింటి మేక వచ్చి వీని ముద్ద తింటాంటే, జరిగి చోటిచ్చినాడు!" అని మా ఆవిడ గోల.

"పెద్ద జాతి కదా, కోపం నిదానంగా వస్తాది," అన్నాను.

ఒకనాడు మామ అశ్వత్థప్పను వెంటబెట్టుకుని నా కుక్కను చూడ్డానికి వచ్చాడు. తోట సంగతి తేలిపోయేది ఆ రోజే. నా నోరు ఊరుకుంటుందా!

"అశ్వత్థప్పా, పెరటి గోడ దూకి దొంగ మాదిరి రా చూద్దాం. నీకేమన్నా అయితే నన్ననొద్దు!"

పాపం, దూకాడు. భీముడు లేచాడు. పరుగెత్తాడు. నా గుండె పొంగింది. వాడు పోయి అతని భుజాల మీద రెండు కాళ్ళూ వేసి, బెల్లం వాసనకేమో, మొహమంతా నాకేశాడు! అశ్వత్థప్ప నవ్వుతూ కూర్చుంటే ఒళ్ళో తల పెట్టుకుని పడుకున్నాడు.

"బంగారట్లా కుక్కన్నా ఇది!" అన్నాడు వాడి చెవులు గోకుతూ.

నా కళ్ళల్లో కారం కొట్టినట్టయింది. ముద్దలు పిసికి పెట్టింది నేను! నా ఒళ్ళో ఒక్కనాడైనా తల పెట్టాడా?

"రారా ఇట్ల!" అని మెడపట్టీ పట్టుకుని లాగాను.

అంతే. పుట్టినప్పటినుంచీ నోరు విప్పని భీముడు అశ్వత్థప్పకు అడ్డంగా నిలబడి, పళ్ళన్నీ బయటపెట్టి, నా మీద మొరిగాడు. ఆ మొరుగుడుకు నేను గడ్డివామి మీద తేలాను. ఎలా ఎక్కానో నాకిప్పటికీ తెలియదు.

మామ పొట్ట పట్టుకుని నవ్వి, కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు.

"మంచి కాపలా కుక్కే అల్లుడా! యజమాని ఎవరో తెలుసుకునేదానికే ఇన్నాళ్ళు పట్టినట్టుండాది. ఒరే అశ్వత్థా, తోటకు పొయ్యేటప్పుడు వీన్ని కూడా తోలుకుపో!"

తోటా అతనికే, కుక్కా అతనికే. ఆ వామి మీదే, గడ్డిపరక చేతబట్టుకుని, సూర్యచంద్రుల సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను: మా తోడల్లుడు రేపు ఏనుగునే తెచ్చి ఇంటి ముందు కట్టేసుకున్నా సరే, నేను పోయి దాని తొండం కొలవను.