సత్తెమ్మ వేలు దాచుకున్న రోజు

స్టాంపు ప్యాడు సిరా వాసన తగిలితే చాలు, ఇప్పటికీ నాకు సత్తెమ్మ గుర్తొస్తుంది. తొంభైల చివర్లో, మాదాపూర్‌లో అద్దాల మేడలు లేస్తున్న రోజుల్లో, నార్సింగి అవతల ఒక చిన్న పంచాయతీలో నేను కొత్త గుమాస్తాని. కాకినాడ నుంచి వచ్చినవాణ్ణి, ఊరివాళ్ళ మాట సగమే అర్థమయ్యేది. సత్తెమ్మ అక్కడ వార్డు సభ్యురాలు. చదువు రాదు, నోరు మాత్రం బ్రహ్మాండం.

అప్పట్లో మాకో పద్ధతుండేది. సభ పెట్టడం ఎవరికీ ఓపిక లేని పని. తీర్మానాల పుస్తకం పట్టుకుని గడపగడపకూ తిరిగి ఖాళీ పేజీ కింద సంతకాలు తీసుకోవడం, పైన రాయాల్సింది తీరిగ్గా ఆఫీసులో రాసుకోవడం. ఊరి బోరుకు కొత్త పైపులు వేసి తామే నడుపుతామని ఒక కంపెనీ ముందుకొచ్చినప్పుడూ నేను అలాగే తిరిగాను. సభ్యులంతా సంతకాలు పెట్టారు. సత్తెమ్మ మాత్రం బొటనవేలు కొంగులో దాచుకుంది.

"గీ కాయితంల ఏముంది బిడ్డా?"

"ఇంకా ఏమీ రాయలేదండి."

"రాయనిదానికి ఏలు ఎట్ల పెట్టాలె? నాకొక్కదానికి కాదు, అందరి ముంగట సదువు. ఇగ అప్పుడు పెడత."

నాకు ఒళ్ళు మండిపోయింది. అయినా మర్నాడు పంచాయతీ అరుగు మీద ఊరిని కూర్చోబెట్టి, కంపెనీ మేనేజరు టైపు చేయించి తెచ్చిన ఒప్పందాన్ని అప్పుడే మొదటిసారి చూస్తూ చదివాను. నాలుగో షరతు దగ్గరికొచ్చాను. నీళ్ళు ముందుగా ఊరి పక్కనున్న కంపెనీ అతిథి గృహానికి, మిగిలితే ఊరికి. సర్పంచి మొహం చూస్తే ఆయనకూ అది కొత్తేనని తెలిసిపోయింది.

"మళ్ల సదువు" అంది సత్తెమ్మ. చదివాను. ఆమె మేనేజరు వైపు తిరిగింది. "సారూ, మా బోరు కాడ మేమే చుట్టాలమైనమా?"

అరుగంతా నవ్వింది, మేనేజరుకీ నవ్వక తప్పలేదు. ముందు ఊరికే అని షరతు మార్చాం. మూడు నెలలకోసారి ఆయన వచ్చి ఇదే అరుగు మీద జవాబు చెప్పాలని కూడా రాయించాకే సత్తెమ్మ వేలు బయటికి తీసింది. పాపం, ఆయన వచ్చేవాడు. చీవాట్లు తిని, టీ తాగి వెళ్ళేవాడు.

బదిలీ అయినప్పుడు ఆమెకు చెప్పడానికి వెళ్ళాను. "అక్కడ కూడా చదివి వినిపించాకే సంతకాలు తీసుకుంటానండి" అన్నాను గొప్పగా.

"ఆడ నేనుండ గదా. అడిగెటోళ్లు లేకున్నా సదువుతవా?"

 సిగ్గేసింది, ఆమె మీద ప్రేమా పొంగింది.

తర్వాత ఎన్నో ఆఫీసులు, ఎన్నో ఒప్పందాలు. చదవమని ఎవరూ అడగలేదు. అయినా నిలబడి పైకే చదువుతాను. వెనక వరసలోంచి ఎవరైనా మళ్ళీ చదవమంటారేమోనని ప్రతి షరతు దగ్గరా కాసేపు ఆగుతాను.