పార్శిల్ మీద మా మామ వేయించిన ధర

ఆ రోజుల్లో, అంటే రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో, ఆళ్లగడ్డలో ఫోటో స్టూడియో పెట్టిన నాకు పని తక్కువ, నోరు ఎక్కువ. ఆ నోటితోనే బట్టలంగడి పెద్దాయనకు మాటిచ్చేశాను, వాళ్ల పాప పెండ్లి ఫారిన్ డిజిటల్ క్యామరాతో తీస్తానని. (అప్పటికి నా దగ్గరున్నది పాత రీలు క్యామరా ఒక్కటే.) "అది రాకపోతే నువ్వూ రావద్దప్పా" అని ఆయన ముందే తేల్చేశాడు.

నంద్యాలలో బ్యాంకు ఉద్యోగం చేసే మా మేనమామను వెంటబెట్టుకుని నెట్ సెంటరుకు పోయాను. కార్డు ఆయనది మరి! విదేశీ అంగడిలో ఆర్డరు పెట్టాక, పార్శిల్ మీద ధర ఎంత వేయమంటారని అమ్మినవాడు మెయిల్లో అడిగాడు. తక్కువ వేయించుకోమని నెట్ సెంటరతను సలహా ఇచ్చాడు. మామకు రోషం పొడుచుకొచ్చింది. "ఏందీ, తక్కువా? పోస్టాఫీసోళ్లు చూస్తే మన మర్యాద ఏం కావాల? రెండింతలు ఏయమను రేయ్!" నేనూ మహా సంబరంగా అదే టైపు కొట్టాను. కస్టమ్స్ అనేదొకటి ఉంటుందని మాకు తెలిస్తే కదా!

సరిగ్గా పెండ్లి రోజు పొద్దున పార్శిల్ వచ్చింది, రెండింతల ధర మీద వేసిన సుంకం చీటీతో సహా. కట్టనిదే ఇవ్వనన్నాడు పోస్టుమాస్టరు. నా జేబులో ఆటో చార్జీ మాత్రమే ఉంది. పెండ్లికని నంద్యాల నుంచి వచ్చిన మామ వైపు చూస్తే, ఆయన గోడ మీది బోర్డును శ్రద్ధగా చదువుకుంటున్నాడు. ఏడుపొక్కటే తక్కువ నాకు. దారి లేక పెండ్లి పందిట్లోకి పరుగెత్తి, చీటీ పెద్దాయన చేతిలో పెట్టి, తిట్లకు సిద్ధమై నిలబడ్డాను. ఆయన కళ్లజోడు సవరించుకుని చదివాడు.

"ఇంత సుంకమా! అయితే అసలు సరుకేనప్పా!"

అక్కడికక్కడే దుడ్లు ఇచ్చి పంపాడు. నేను క్యామరా తెచ్చానో లేదో, రసీదు లాక్కుని మగపెళ్లివారి వరుసల్లో పడ్డాడు. "చూడండన్నా, మా పాప ఫోటోలకు సర్కారుకే ఇంత కట్టినాం!" మామ నా చెవి దగ్గర నోరు పెట్టి, "చూసినావా, తక్కువ ఏయించింటే యాడుండేది మన మర్యాద?" అన్నాడు. నవ్వాపుకోలేక క్యామరా కదిలించేసి, తొలి నాలుగు ఫోటోలూ మసకమసకగా తీశాను.

ఇప్పుడు ధరా సుంకమూ అన్నీ ముందే తెర మీద కనబడతాయి, నేను బుద్ధిగా సరేనని నొక్కుతాను. మొన్న అలాగే ఒక లెన్సు తెప్పించుకున్నాను. ఎంతయిందని మా ఆవిడ అడిగితే, సగానికి సగం తగ్గించి చెప్పాను. మామ బతికుంటే సిగ్గుతో తలెత్తేవాడు కాదు.