మాలలో మానేసిన మందు

మా అక్క మొగుడు పరవాడలో ఒక మందుల కంపెనీలో సూపర్‌వైజరు. మందులు తయారుచేసే చోట కాదు, లారీలకి అట్టపెట్టెలు ఎక్కించే చోట. ఆ మాత్రానికే మా పేటలో ఎవరికి నలతగా ఉన్నా ఆయన్నే అడిగేవారు. అడగనివాళ్ళకీ చెప్పేవాడు. ఆ మనిషిని చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

నాన్నది హార్బర్‌లో చేపల బోటు పని. క్లోమం పాడైతే ఆపరేషన్ చేసి చాలావరకు తీసేశారు. తిన్నది అరగడానికి కావలసిన ఎంజైములు ఇక ఆయన ఒంట్లో సరిపడా తయారు కావని, తిన్నప్పుడల్లా క్యాప్సూల్ రూపంలో వేయాల్సిందేనని డాక్టరు చెప్పారు. "ఇది బలం మందు కాదమ్మా. ఇది లేకపోతే తిన్నా తిననట్టే" అన్నారు. అన్నంతో పాటు కంచం పక్కన క్యాప్సూల్ పెట్టడం నా పని. నాన్న మెల్లగా కండ పట్టాడు. వచ్చే వేసవిలో వేట నిషేధం అయ్యాక మళ్ళీ బోటెక్కుతానని తోటివాళ్ళతో పందెం కూడా కాశాడు.

సరిగ్గా అప్పుడే బావ ఎంజైము మాత్రల సీసాలు అమ్మడం మొదలుపెట్టాడు. సీసా మీద బొప్పాయి, అనాస బొమ్మలు. మోకాళ్ళ నొప్పులకి అదే, జుట్టు రాలినా అదే, పిల్లలు పుట్టకపోయినా అదే. సిగ్గన్నది ఉండాలి కదా!

ఏటా కార్తీకంలో బోటువాళ్ళందరూ కలిసి అయ్యప్ప మాల వేస్తారు. మాకు అది ఒక్కడి మొక్కు కాదు, బోటు మొక్కు. ఒకడు నేమం తప్పితే దోషం బోటంతటికీ తగులుతుందంటారు. వేటకి వెళ్ళలేని నాన్నకి ఆ బోటుతో మిగిలిన చుట్టరికం ఆ మాలే. ఆ ఏడు కూడా వేసుకున్నాడు.

బావ వచ్చి నాన్న ఎదురుగా కూర్చున్నాడు. "స్వామీ, మీరేసుకుంటన్న మందు దేంతో సేత్తారో ఎరుకా? పంది క్లోమంతో. మాలలో ఉండి పందిని మింగుతారేటి? నా సీసా పచ్చి శాకాహారం. ఎంజైమంటే ఎంజైమే కదా" అన్నాడు.

పంది మాట నిజమే. అబద్ధమైతే అక్కడే గొంతు పట్టుకునేదాన్ని. ఒక్క నిజం ముందు పెట్టి, దాని వెనకాల తన సీసాని ఇంట్లోకి తోశాడు.

ఆ పూటే నాన్న క్యాప్సూల్ పక్కకి నెట్టేసి, బావ సీసాలోని మాత్ర వేసుకున్నాడు. ఏడ్చాను, అరిచాను. మందుకి దోషం లేదని గురుస్వామి చేత కూడా చెప్పించాను. నాన్న వినలేదు.

"రేపు గాలేసి బోటుకేటైనా అయితే, ఆళ్ళ పెళ్ళాం బిడ్డలకి నాను ఏ మొకం సూపించాలమ్మా? మండలమే కదా, ఓర్సుకుంటాను" అన్నాడు.

తింటూనే ఉన్నాడు, తింటూనే చిక్కిపోయాడు. కడుపుబ్బరం, నూనె తేలే విరేచనాలు. నల్లపంచె నడుం మీద నిలిచేది కాదు. "లోపలి సెత్త బయటికెల్తంది, మంచిదే" అనేవాడు బావ. అల్లుడి మాట కదా, నాన్న తలూపేవాడు. చివరికి జ్వరం తగిలింది. దాన్ని తట్టుకునే సత్తువ ఒంట్లో లేదన్నారు ఆసుపత్రిలో. ఇరుముడి కట్టకుండానే నాన్న పోయాడు.

దినం భోజనాలకి బావ పెద్దల్లుడి హోదాలో ముందు వరసలో కూర్చున్నాడు. గారెలు మారు వడ్డించుకుని మరీ తిన్నాడు. తిన్నాక జేబులోంచి సీసా తీశాడు. అదే బొప్పాయి, అదే అనాస. "బరువుగా తిన్నారు, తలోటి ఏసుకోండి. నచ్చితే సీసాలు బండిలో ఉన్నాయి" అంటూ వరసగా పంచాడు, దండేసిన నాన్న ఫోటో ముందే. అందరూ చేతులు చాచారు. రెండు మెతుకులు కూడా గొంతు దిగని మా అమ్మ సైతం చాచింది, అల్లుడు ఇస్తే కాదనకూడదని.

అమ్మ అరచేతిలోంచి ఆ మాత్ర తీసి బావ విస్తట్లో పెట్టాను.

"ముందు నువ్వు మింగు బావా."

ఆయన నవ్వి, దాన్ని వేలితో ఇవతలకి తోశాడు. "నాకెందుకే? నా కడుపు బాగానే ఉంది కదా!"