సగం నేల, సగం నీరు

ఈ ఉదయం రాజమండ్రిలో మా కాలేజీ ల్యాబులో అవును, కాదులకి మధ్య వంతులు కట్టే ఫజీ లాజిక్ పాఠం చెబుతుంటే ఒక అమ్మాయి లేచి, "మేడమ్, అవునుకీ కాదుకీ మధ్య గీత సరిగ్గా సగం దగ్గరే ఎందుకు గీయాలండీ?" అని అడిగింది. పుస్తకంలో ఉన్న జవాబు చెప్పి కూర్చోబెట్టాను. ఆ తర్వాత నా మనసు పాఠం మీద నిలవలేదు. మా చిన్న మావయ్య గుర్తొచ్చారు.

మావయ్యది గోదావరి మధ్య లంకలో వంగతోట. నేల ప్రభుత్వానిది, కౌలు పట్టా ఆయనది. ఏటా వరద దాన్ని ముంచి, వెళ్తూ వెళ్తూ కొత్త ఒండ్రు పరిచిపోయేది. ఆ ఒండ్రులో ఇంకా పాదం దిగేంత చెమ్మ ఉండగానే ఆయన నారు నాటేవారు. ఆరేదాకా ఆగేవాణ్ణి రైతుల్లో జమకట్టేవారు కాదు. నేను అయిదేళ్లు రాత్రింబవళ్లు చదివి పీహెచ్‌డీ పుచ్చుకుని, ఉపగ్రహం తీసిన ఫోటోలో ప్రతి చుక్కనీ నీరో నేలో తేల్చెయ్యక్కర్లేదు, ఇంత వంతు నేల, ఇంత వంతు నీరు అని చెప్పొచ్చని గొప్పగా వివరిస్తే, ఆయన నోట్లో చుట్ట తీసి, "దీనికి అయిదేళ్లా అమ్మాయ్? మా గేదెనడిగినా చెబుతుంది" అన్నారు. ఇంటిల్లిపాదీ నవ్వారు. నాకు మాత్రం ఒళ్లు మండింది.

ఆ మరుసటి ఏడు, పట్టాలు తిరగరాయడానికి లంకల్లో ఎంత నేల మిగిలిందో పటం గీసే పని మా ల్యాబుకి వచ్చింది. వరద తగ్గిన వారానికే తీసిన ఫోటో అది, అంతా మసక. మసక తగ్గించి, అంచులు తేల్చి, నా పద్ధతిలోనే చుక్క చుక్కకీ వంతులు కట్టాను. అయితే పటం అడిగిన ఆఫీసువాళ్లకి వంతులు అక్కర్లేదట, రెండే రంగులు కావాలట. నేల వంతు సగానికన్నా తగ్గిన చోటల్లా నీలం పులిమి, సంతకం పెట్టి పంపేశాను. తడి ఒండ్రు ఫోటోలో నీళ్లలాగే నల్లగా పడుతుందని నాకు తెలుసు. తెలిసీ, ఆ నీలం కింద ఎవరి తోట ఉందో చూడలేదు.

రెండు నెలలకి మావయ్య ఆ పటం నకలు మడతపెట్టుకుని ల్యాబుకొచ్చారు. పట్టా తిరగరాయడం కుదరదన్నారట, అక్కడ ఉన్నది గోదావరేనట.

"నారు నాటిన చోటు ఇది. నీలంగా ఉందేంటమ్మా?"

"నేల వంతు సగానికి కొంచెం తగ్గింది మావయ్యా."

"ఎంత తగ్గితే అంతే రాయొచ్చని నువ్వే కదా చెప్పేవు. మరి రాయలేదేం?"

తప్పు నాదేనని ఉత్తరాలు రాశాను, ఆఫీసుల చుట్టూ తిరిగాను. పటం ఖాయమైపోయిందన్నారు. అప్పటికే నాటిన నారు కాపుకొచ్చింది, అదే ఆయన ఆఖరి కాపు. అందులోంచి ఒక సంచెడు వంకాయలు బస్సులో మా ఇంటికి పంపించారు. వాటిని చూసి సిగ్గుతో చచ్చిపోయాను. గోదావరి ఒక లంకని కోసెయ్యాలన్నా ఏళ్లు పడుతుంది. మావయ్య తోటని నీళ్లలో కలపడానికి నాకు ఒక్క మధ్యాహ్నం సరిపోయింది.